పాలిష్ ఆరకముందే

కిందటి వారం మీరు పుస్తకం మూసేసరికి మా గేటు ముందు ఆటో ఆగి ఉంది. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను, మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. నా పేరు ఫెబా. దువ్వాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఉద్యోగం, గాజువాకలో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మా నాన్న దేవదానం, నేను కలిసి ఆరేళ్లలో పదకొండు ఎలక్ట్రిక్ గిటార్లు చేశాం. నాన్న స్టీల్ ప్లాంటులో ప్యాటర్న్ మేకర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. అంటే ఇనుము పోత పొయ్యడానికి ముందు అదే ఆకారాన్ని కొయ్యతో చెక్కిచ్చేవాడు. ఏప్రిల్లో ఒక పొద్దున్న టీ గ్లాసు చేతిలో ఉండగానే పోయాడు. అప్పటికి పన్నెండో గిటార్ సగంలో ఉంది. మిగతా సగం నేను చేస్తున్నాను. దాన్ని మా అన్నయ్య హెన్రీ, నన్నొక్క మాట అడక్కుండా, చర్చి వార్షికోత్సవం రోజున దేవుడి సేవకి సమర్పిస్తామని మైకులో చెప్పేశాడు. అది నాన్న కోరికట. దానికి సాక్షి ఉన్నాడట. ఆ సాక్షిని ఆటో ఎక్కించుకుని, వార్షికోత్సవానికి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం రెండింటికి, పిన్ని ఇంటికి అమ్మ వెళ్లిన పూట చూసుకుని మరీ వచ్చాడు.

ఇంట్లో గిటార్ చేసుకోవాలని ముచ్చటపడేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ముందు ఏం కొనాలి అని. ఏమీ కొనకండి. షెడ్డు తలుపుకి లోపలివైపు గడియ పెట్టించుకోండి. పాలిష్ కొట్టిన కొయ్యకి దుమ్ము ఒక శత్రువు, తడిగాలి ఇంకో శత్రువు, బంధువులు అన్నిటికన్నా పెద్ద శత్రువు. మొదటి రెండింటికీ మందుంది. నేలని తడిగుడ్డతో తుడిచి గంట ఆగితే దుమ్ము అణుగుతుంది. వాన లేని రోజు చూసుకుని పదకొండుకీ మూడుకీ మధ్య కొడితే తడిగాలి బాధ తగ్గుతుంది. మూడోదానికి గడియ ఒక్కటే మందు. ఆ పూట నేను గడియ పెట్టలేదు.

"చెప్పులు బయట" అన్నాను.

సింహాద్రి మావయ్య వెంటనే విడిచేశాడు. ఆయన ఫిషింగ్ హార్బరులో బోట్లు బాగుచేసే వడ్రంగి, అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఆయన, నాన్న ఒకర్నొకరు 'బావా' అని పిలుచుకునేవారు. మాకు అందుకే మావయ్య. ఇంత దూరం వచ్చి ఎక్కడ నిలబడాలో తెలీక తలుపు పక్కన గోడకి ఆనుకున్నాడు. అన్నయ్య మాత్రం చెప్పులతోనే లోపలికొచ్చాడు.

"గొడవకి రాలేదు ఫెబా. ప్రభువు పని మీద వచ్చాను" అన్నాడు.

మా అన్నయ్యకి రెండు తెలుగులున్నాయి. గెలుస్తాననుకున్నప్పుడు చర్చి తెలుగు మాట్లాడతాడు, ఓడిపోతున్నప్పుడు గాజువాక తెలుగు. వారమంతా పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర కాగితాలు చూసుకుంటాడు, ఆదివారం చర్చిలో గిటార్ తగిలించుకుని పాటలు నడిపిస్తాడు. మనిషి చెడ్డవాడని నేననను. కానీ ఆ పూట నాకు ఆయన మొహం చూస్తేనే ఒళ్లు మండింది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ప్రభువు పంపించేడా, నువ్వే వచ్చేవా?"

"నాన్నగారి కోరిక నెరవేర్చడం మన బాధ్యత."

"నాన్నగారట. బతికున్నప్పుడు పలకరించడానికి నీకు పండగ రావాలి. ఇప్పుడు గారు కూడా తగిలిస్తన్నావ్."

అన్నయ్య షెడ్డు మధ్యలో రేకుల కింద అడ్డంగా వేసిన పైపుకి తీగతో వేలాడదీసిన గిటార్ బాడీ వైపు చూశాడు. పాలిష్ కొట్టినదాన్ని ఎప్పుడూ బల్ల మీద పెట్టకండి, ఎంత మెత్తటి గుడ్డ పరిచినా సరే, గుడ్డ నేత అచ్చు పడిపోతుంది. గిటార్ మెడ, అంటే నెక్, దిగే గాడిలో రెండు స్క్రూలు బిగించి, వాటికి తీగ కట్టి గాల్లో వదిలెయ్యండి. ఆ గాడి నాన్న తొలిచినది. మిషను వాడలేదు, ఉలి ఒక్కటే. నెక్ అందులో దింపితే స్క్రూ లేకుండానే పట్టుకుంటుంది, సందులో కాగితం దూరదు. అలాంటి గాడి నాకు ఇంకా రాదు. ఇంకో పదేళ్లు చేసినా వస్తుందన్న నమ్మకం లేదు. ఈ గిటార్‌లో నాన్న చేతి పని అదొక్కటే మిగిలింది, అందుకే దీన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. అన్నయ్యకైనా, దేవుడికైనా.

"అయిపోయినట్టే ఉంది కదా. మెరుస్తోంది" అన్నాడు.

"మెరుస్తోంది. ఆరలేదు."

"ముట్టుకుంటే అంటుకోవట్లేదని అమ్మ చెప్పింది."

అమ్మతో కూడా కూపీ లాగించాడన్నమాట. లేకర్ అని ఈ పాలిష్ ఒకటుంది, దాని గురించి తెలియనివాళ్లందరూ పడే గోతిలోనే అన్నయ్య పడ్డాడు. పైకి అరగంటలో ఆరినట్టు కనిపిస్తుంది. అదంతా వేషం. లోపలి థిన్నర్ మెల్లగా, చాలా మెల్లగా బయటికి పోవాలి. మన విశాఖపట్నం గాలిలో, సెప్టెంబరు వానల్లో, మూడు వారాలకి తక్కువైతే నమ్మకండి. గోరుతో నొక్కి చూడకండి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. థిన్నర్ వాసన ఏ కొంచెం వచ్చినా అది ఇంకా పచ్చిదే. నేను ఆఖరి కోటు కొట్టింది బుధవారం. షెడ్డంతా వాసన గుప్పుమంటోంది.

"మూడు వారాలాగు. అప్పుడు కూడా ఇవ్వననుకో. కానీ ఇవాళ ముట్టుకుంటే మాత్రం పాడైపోద్ది" అన్నాను.

"తీగలు, వైర్లు నువ్వు తర్వాత బిగించుకో. రేపు పాస్టర్ గారి చేతుల్లో పెట్టి ప్రార్థన చేయిస్తే చాలు. సోమవారం నీకే తెచ్చిచ్చేస్తాను."

"సోమవారం తెచ్చిస్తావా? సమర్పించినదాన్నా? దేవుడికి అద్దెకిస్తన్నావా అన్నయ్యా?"

గోడ దగ్గర సింహాద్రి మావయ్య దగ్గాడు. అది నవ్వు మింగుకున్న దగ్గు. అన్నయ్య మెడ ఎర్రబడింది.

"పాలిష్‌దేముంది, పాడైతే మళ్లీ వేసుకో" అన్నాడు.

మళ్లీ వేసుకోవడమంటే ఏంటో చెప్తాను వినండి. ఈ బాడీ టేకు. టేకులో నూనె ఉంటుంది, పాలిష్ పట్టనివ్వదు. థిన్నర్ ముంచిన గుడ్డతో తుడిచి, నూనె మళ్లీ పైకి రాకముందే సీలర్ కొట్టాలి. టేకుకి రంధ్రాలు కూడా ఎక్కువే, వాటిని ఫిల్లర్‌తో పూడ్చి, ఆరాక అరగదీసి, మళ్లీ పూడ్చాలి. అప్పుడు లేకర్. రోజుకి రెండు కోట్లు, పల్చగా. మూడేసి కోట్లకి ఒకసారి సన్నటి శాండ్‌పేపర్, అదీ చేత్తో. అంచుల దగ్గర ఒక్క రుద్దు ఎక్కువైతే కింద కొయ్య తేలిపోతుంది. ఆగస్టులో ఒకరోజు ఏడో కోటు కొడుతుండగా వాన మొదలైంది. చూస్తుండగానే బాడీ అంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది. తడిగాలిలో కొడితే అంతే. ఏడు కోట్లూ గీకేసి మొదటి నుంచి మొదలెట్టాను. ఇప్పుడు దీని మీద పద్నాలుగు కోట్లున్నాయి. మళ్లీ వేసుకో అంటాడు ఈ మనిషి.

"నువ్వు ఇంటికెళ్లు" అన్నాను.

"సాక్షిని తీసుకొచ్చాను. నాన్న మాట నీ చెవులతో విను, అప్పుడు నిర్ణయించు. మావయ్యా, నాన్న నీతో ఏమన్నాడో చెప్పు. ఒక్క అక్షరం మార్చకు."

సింహాద్రి మావయ్య భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మీ ఇద్దరి మజ్జిలోకీ నన్నెందుకు లాగతన్నావల్లుడూ" అన్నాడు. అన్నయ్య కదల్లేదు. తప్పదని మావయ్యకి అర్థమైంది.

"ఈ గిటార్ సేసిన టేకు దూలం నాదే కదమ్మా" అన్నాడు నా వైపు తిరిగి. "పాత బోటు ఇప్పితే వచ్చింది. మీ అయ్య దాన్ని సూసిన కాణ్ణుంచీ నన్ను నిద్దరపోనియ్యనేదు. పదేళ్లు నా షెడ్డులోనే దాపించేడు. ఎవలొచ్చి అడిగినా ఇయ్యొద్దన్నాడు. కోత కోయించిన రోజున నాతో అన్నాడమ్మా, సేవ కోసమే దీన్ని దాసేను బావా, సేవ ఏరే పన్లకి వాడితే నాను ఊరుకోను అని. అదే మాట మీ అయ్య పెద్దకర్మ రోజున హెన్రీకి సెప్పేను. అంతకన్నా నాకేటీ తెల్దు."

"విన్నావా?" అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు, పెంచాల్సిన అవసరం లేదనుకున్నాడు.

విన్నాను. అబద్ధం చెప్పే మనిషి కాదు సింహాద్రి మావయ్య. ఆరేళ్లు పక్కపక్కన నిలబడి పనిచేశాం. ఈ దూలం గురించి నాతో గంటలు గంటలు మాట్లాడాడు, ఎక్కడ కొయ్యాలో, పొరలు ఎటు వెళ్తున్నాయో, నెక్ బరువు ఎంతుండాలో. ఇది చర్చి కోసమని ఒక్కసారి కూడా చెప్పలేదే. నాకు చెప్పకుండా బయటి మనిషికి చెప్పుకున్నాడా? నాన్న మీద కోపమొచ్చింది, చచ్చిపోయిన మనిషి మీద కోపమొస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. నిజం చెప్తున్నాను, నా చెయ్యి పైపుకి కట్టిన తీగ ముడి మీదికి వెళ్లింది కూడా. ఆయన కోరికే అయితే నేనెవర్ని అనుకున్నాను. కానీ దేవుడి పేరెత్తితేనే ఇబ్బందిగా నవ్వి ఊరుకునే మనిషి ఆ మాట అన్నాడంటే నా బుర్రకి ఎక్కలేదు.

"ఏ సేవ మావయ్యా?" అని అడిగాను. "చర్చి సేవేనా?"

"సర్చేటమ్మా?" అన్నాడాయన తెల్లబోయి.

అన్నయ్య అడ్డం రాబోయాడు. ఆయన పట్టించుకోకుండా గిటార్ దగ్గరికి వచ్చాడు. పనివాడు కాబట్టి ముట్టుకోలేదు, వేలు బెత్తెడు దూరంలో పెట్టి చూపించాడు. "ఇదమ్మా సేవ. ఈ నల్లగా ఉన్నదంతా సేవే. సెట్టుకి నడుమనుంటాది, ఇనుమునాగుంటాది. నీటిలో వందేళ్లున్నా ఏటీ కాదు. దీని సుట్టూతా తెల్లకర్రుంటాది, దానికి సేవుండదు, పురుగొట్టేత్తాది. బోటుకి మేం తెల్లకర్ర ముట్టుకోం. మీ అయ్య అందుకే సేవ, సేవ అని నా పేణాలు తీసేవోడు."

చేవ.

నవ్వొచ్చింది నాకు, ఏడుపులాంటి నవ్వు. చేప సేప అయ్యే ఊళ్లో పుట్టి, చెయ్యి సెయ్యి అయ్యే వీధుల్లో పెరిగి, చేవ సేవ అవుతుందని మా ఇద్దరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణమూ ఉంది. ప్లాంటులో నేర్చుకున్న పని కాబట్టి నాన్న నాతో ఎప్పుడూ హార్ట్‌వుడ్ అనే అనేవాడు. ఇక సేవ అన్న మాట మా ఇంట్లో ఆదివారానికి పదిసార్లు వినపడుతుంది. దైవసేవ, సేవకులు, సేవకురాళ్లు, సేవా విభాగం. మా చెవులు ఆ మాటకి అలా అలవాటుపడిపోయాయి. హార్బరులో ఇంకెవరైనా అయితే ఒక్క క్షణంలో అర్థం చేసుకునేవారు. దేవదానం పిల్లలు కాబట్టి మేం నాలుగు నెలలుగా కొట్టుకుంటున్నాం.

"కొయ్య గురించన్నయ్యా" అన్నాను. "నాన్న కొయ్య గురించి మాట్లాడేడు. నువ్వు దాన్ని దేవుడికి కట్టేవు."

అన్నయ్య సింహాద్రి మావయ్య మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే నేనే తగ్గి ఉండేదాన్నేమో. చెప్పలేను.

"మాట ఎలా వచ్చినా దేవుడు దాన్ని వాడుకున్నాడు" అన్నాడు.

"దేవుడికి చెవుడు లేదు. నీకే ఉంది."

"నాను నాలుగొందలమంది ముందు చెప్పేసేనే" అన్నాడు. చర్చి తెలుగు అక్కడ అయిపోయింది. "రేపు ఉత్త చేతుల్తో స్టేజెక్కమంటావా?"

"నాలుగొందలమంది ముందు తప్పు విన్నానని చెప్పు. నిజం చెప్పడం కూడా సేవే కదా."

"నీకు నవ్వులాటగా ఉంది. నాన్నని చర్చి మానిపించింది ఈ షెడ్డే. ఆఖరి ఏడాది ఒక్క ఆదివారం రాలేదు. నాను స్టేజి మీద నిలబడి ఆఖరి బెంచీ చూసేవోణ్ణి. ఏడాదంతా ఖాళీ."

"మోకాళ్ల నొప్పులన్నాడు కదా."

"మోకాళ్ల నొప్పులున్నోడు ఇక్కడ పొద్దస్తమానం ఎలా నిలబడ్డాడు? ఎవర్ని మోసం చేస్తావ్? పదకొండు గిటార్లు చేసేరు తండ్రీ కూతురూ. ఊళ్లో పోయేవాళ్లందరికీ చేసిచ్చేరు. చర్చిలో నాను వాయించేది డాబాగార్డెన్స్‌ షాపులో కొన్నది. నాకొక్కటి చేసివ్వాలని మీ ఇద్దర్లో ఎవరికైనా అనిపించిందా?"

"నువ్వడిగేవా?"

"అడిగితే ఇస్తే అది చేసివ్వడమా?"

ఆ మాట నాకు తగిలింది. కానీ తగిలిందని ఒప్పుకునే పరిస్థితిలో లేను. "పన్నెండేళ్ల వయసులో ఉలి విసిరేసి వెళ్లిపోయిందెవరు?" అన్నాను.

"విసిరెయ్యలేదు. నీకు కొయ్య పని రాదు పోరా అన్నాడు నాన్న. వెళ్లిపోయేను."

అంటూనే రెండడుగులు వేసి గిటార్ బాడీని రెండు చేతులతో పట్టుకున్నాడు. అలా పట్టుకుంటాడని నేననుకోలేదు. తీగ ముడి బిగుసుకుపోయి ఊడి రాలేదు. ఊడదీద్దామని గట్టిగా లాగాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. సింహాద్రి మావయ్య 'ఒరే ఒరే' అంటూ మధ్యలోకి వచ్చాడు. ముగ్గురం అక్కడ, ఆ వేలాడే చెక్క చుట్టూ, గుడ్డివాళ్లలా తోసుకున్నాం. చివరికి అన్నయ్యే వదిలేశాడు. వదిలేసి తన బొటనవేలు చూసుకున్నాడు, అంటుకున్నట్టుంది.

నేను బాడీని వెలుగు వైపు తిప్పాను. ముందువైపు, సరిగ్గా తీగల మోతని పట్టే పికప్ కోసం తొలిచిన గుంటకి పైన, అన్నయ్య బొటనవేలి ముద్ర. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి, పొలాల కాగితాల మీద వేయించుకునే ముద్రకన్నా బాగా పడింది. వెనక నాలుగు వేళ్లూ జారిన చారలు. పద్నాలుగు కోట్లలోకీ దిగిపోయాయి. లేకర్‌కి ఒక మంచి గుణం ఉంది, కొత్త కోటు కొడితే పాతదాన్ని కరిగించుకుని అందులో కలిసిపోతుంది. ముద్ర పడినచోట చుక్క చుక్కగా నింపి, ఆరనిచ్చి, అరగదీస్తే మచ్చ కూడా కనిపించదు. నెల పట్టినా బాగవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అన్నయ్యకి చెప్పలేదు. ఆయన మొహం పాలిపోయింది, పాలిపోనీ అనుకున్నాను.

"తీసుకెళ్లు" అన్నాను. "తీసుకెళ్లి పాస్టర్ గారికి చూపించు. ఇది మా అన్నయ్య సేవ అని చెప్పు."

"ఫెబా, నాను కావాలని..."

"మాట్లాడకు."

అప్పుడు సింహాద్రి మావయ్య నేల మీద చతికిలబడ్డాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు రేకులకేసి చూశాడు. "ఇంక నావల్ల కాదు బావా" అన్నాడు, మా ఇద్దరితోనూ కాదు.

"హెన్రీ, మీ అయ్య సర్చి మానేసి ఎక్కడికెల్లేవోడో తెలుసునా నీకు?" అన్నాడు. "నా కాడికి. ఆదోరం ఆదోరం బస్సెక్కి హార్బరుకొచ్చేవోడు. మీరందరూ సర్చిలో ఉంటారు, ఎవలూ అడగరని. మోకాళ్లు నిజంగానే నొప్పి, మెట్లు దిగలేక నా భుజం అట్టుకునేవోడు."

"ఎందుకు?" అన్నాడు అన్నయ్య.

"ఎందుకేటి. నీకు గిటార్ సేత్తన్నాడు."

ఆదివారాలు నాన్న ఇంట్లో పడుకుని ఉంటాడనుకున్నాను నేను. అమ్మ, నేను చర్చి నుంచి వచ్చేసరికి మంచం మీదే ఉండేవాడు. చేతులకి కొయ్యపొడి ఉంటే, అది మా షెడ్డు పొడే అనుకున్నాను.

"దూలంలో సేవంతా సెల్లికిచ్చేసేడు" అని చెప్పుకుపోయాడు సింహాద్రి మావయ్య. "మంచి ముక్కలన్నీ దీనికొచ్చేసేయి. మిగిలింది తెల్లకర్ర. నాను సెప్పేను, ఒద్దు బావా, నిలబడదు, ఏరే దూలం తెత్తానని. ఇన్నేదు. ఒకే సెట్టులోంచి ఇద్దరికీ రావాలన్నాడు. బాడీ అయిపోయింది, మెడ అయిపోయింది, గాడి తొలిసీసేడు. నా షెడ్డులో అటక మీదుంది. పాలిష్ పడనేదు, ముడికర్ర మీదే ఉండిపోయింది."

"నాకా?" అన్నాడు అన్నయ్య. నలభై ఏళ్ల మనిషి గొంతు కాదు అది.

"నీకే. కానీ నీకు సెప్పొద్దన్నాడు. సొంతంగా ఇవ్వాలని ఆడి ఆశ. తెల్లకర్రకి మంచి పాలిష్ పడితేనే బతుకుతాది బావా, ఆ పాలిష్ సేయడం నా కూతురికే వచ్చు, దాన్ని నానే మెల్లగా అడుగుతాను అన్నాడు. నాకేటైనా అయితే నువ్వు ముందు ఫెబానడుగు, అది ఏత్తానంటేనే హెన్రీకి సెప్పు, నేకపోతే ఆడికి తెలీనే తెలీకూడదు అన్నాడు. ఇద్దరి ముందూ ఒకేసారి మాత్తరం అడగొద్దన్నాడు." ఆయన తువ్వాలుతో కళ్లు నొక్కుకున్నాడు. "నాలుగుసార్లు వచ్చేనమ్మా గాజువాక. వచ్చినప్పుడల్లా మీరు కొట్టుకోడం ఇని గేటు కాణ్ణుంచే ఎల్లిపోయేను. ఇంక అడక్కపోతే ఆ కర్ర కూడా దక్కదు. వానాకాలం ముదిరిపోయింది, అటక మీద పురుగు మొదలెట్టింది, నిన్ననే సూసేను. సెప్పమ్మా. ఏత్తావా?"

ప్రశ్న నన్నడిగాడు. అన్నయ్య నా వైపు చూడలేదు, తన చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే, కనీసం తలెత్తి ఉంటే... ఇదంతా తర్వాత అనుకున్నది. అప్పుడు నా కళ్ల ముందున్నది పాలిష్‌లో దిగిపోయిన బొటనవేలు ఒక్కటే. దాని వెనక ఇంకో మంట కూడా ఉంది, దాన్ని కూడా చెప్పేస్తాను. నాన్న ఏడాదిపాటు నాకు తెలీకుండా ఇంకో గిటార్ చేశాడు. నేను లేకుండా. ఆ ఉలి పక్కన నేను నిలబడలేదు.

"వెయ్యను" అన్నాను.

"అలాగనకమ్మా."

"వెయ్యను మావయ్యా. ఇంకెవరిచేతనైనా వేయించుకోమను."

సింహాద్రి మావయ్య గోడ పట్టుకుని లేచాడు. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దర్లో ఒకలికీ ఆడి బుద్ధి రానేదు" అని, చెప్పులు వేసుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

అన్నయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "నీ దయ నాకక్కర్లేదు. నాన్న నాకు చేసింది నానే బాగుచేసుకుంటాను. గుడ్డతో పుయ్యడమే కదా."

"పూసుకో."

బల్ల కింద వరసగా పెట్టిన డబ్బాల దగ్గర వంగాడు. ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. మూతల చుట్టూ కారి గడ్డకట్టిన పాలిష్‌తో లేబుళ్లు సగం కనిపించడం లేదు. అన్నిటికన్నా పెద్దది, నిండుగా ఉన్నది తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "దీని ఖరీదు పంపిస్తాను" అన్నాడు.

అది పీయూ పాలిష్. మంచిదే, తెల్లకర్రకి అంతకన్నా మంచిది లేదు. కాకపోతే జంట డబ్బా. రెండో డబ్బా చిన్నది, అందులో పాలిష్‌ని గట్టిపరిచే హార్డెనర్ ఉంటుంది. పూసే ముందు కొలత ప్రకారం రెండూ కలపాలి. కలపకుండా పూస్తే అది వారానికీ ఆరదు, ఏడాదికీ ఆరదు. జిగురులా అలాగే ఉండిపోతుంది. ఏ పాలిషూ పడని ముడికర్రకి పూస్తే లోపలికి ఇంకిపోతుంది, తర్వాత గీకినా రాదు, కడిగినా రాదు, పైన ఇంకే పాలిష్ నిలబడదు. కొయ్య పని నేర్చుకునేవాళ్లకి నేను మొదటి రోజే చెప్పే సంగతి అది.

చిన్న డబ్బా నా కాలి పక్కనే ఉంది. అన్నయ్య గుమ్మం దాటాడు, పెరడు దాటాడు. సింహాద్రి మావయ్య ఆపిన ఆటో గేటు ముందు పొగ కక్కుతూ నిలబడింది. హార్బరుకి పద అని అన్నయ్య చెప్పడం కూడా వినపడింది.

నేను పిలవలేదు.